వేడికి వెల కట్టిన శాస్త్రజ్ఞుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

పుష్యమాసపు తెల్లవారుజామున పొయ్యి ప్రక్కకు చేరి చేతులు కాచుకొననివారు అరుదు. పొగలు గ్రక్కు అన్నమునకు ఒక రుచి, చల్లారిన అన్నమునకు మరియొక రుచి. మనకు ఈ భేదము రుచికి సంబంధించినది మాత్రమే. మంచుకొండలపై కాపలా కాయు సైనికునికి, శిఖరముల నెక్కు సాహసికునికి అది ప్రాణమునకు సంబంధించినది. అట్టివారికొరకు నేడు బ్యాటరీతో వెచ్చబడు కోట్లు, చేతితొడుగులు, భోజనపు పెట్టెలు వచ్చినవి. మీట నొక్కినంతనే వానిలోని సన్నని తీగ వేడెక్కును. పొగ లేదు, మంట లేదు, బూడిద లేదు.

ఆ తీగ ఎంత వేడి నిచ్చును? ఆ వేడి ఎంతసేపు నిలుచును? ఈ ప్రశ్నలకు కొలతతో సమాధానము చెప్పు మార్గమును లోకమునకు చూపినవాడు విశ్వవిద్యాలయములో చదివినవాడు కాడు. ఏ కళాశాలలోను ఆచార్య పదవి నలంకరించినవాడు కాడు. తండ్రి వ్యాపారమును చూచుకొనుచు, తీరిక వేళలందు ఇంటిలోనే ప్రయోగములు చేసికొన్న ఇరువదియేండ్ల యువకుడు. ఆ యువకుని చరిత్ర మన బాలబాలికలు తెలిసికొనదగినది.

బాల్యము – విద్య

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరమును ఆనుకొనియున్న సాల్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి పేరు బెంజమిన్, తల్లి పేరు ఆలిస్. తండ్రికి బీరు తయారుచేయు పెద్ద కర్మాగారము కలదు. ఇంట సంపదకు కొదువ లేదు గాని, బాలుని ఆరోగ్యము మాత్రము అంతంతమాత్రమే. వెన్నెముక బలహీనముగా నుండుటచే అతనిని పాఠశాలకు పంపక, ఇంటియొద్దనే చదువు చెప్పించిరి.

1834లో తండ్రి తన కుమారుల నిరువురను జాన్ డాల్టన్ యొద్దకు చదువునకు పంపెను. పరమాణు సిద్ధాంతమును ప్రతిపాదించిన డాల్టన్ పేరు విజ్ఞాన పాఠములు చదివిన మన విద్యార్థులకు క్రొత్త కాదు. అంతటి వృద్ధ పండితుడు ఈ బాలురకు మొదట నేర్పినది అంకగణితము, రేఖాగణితము. సుమారు రెండేండ్లకు డాల్టన్‌కు పక్షవాతము సోకుటచే ఆ చదువు ఆగిపోయెను. ఐనను ఆ కొద్దికాలములో శిష్యునకు ఒక గొప్ప అలవాటు అబ్బెను. ప్రకృతిని గూర్చి ఊహించుట చాలదు, కొలిచి చూడవలెను. జౌల్ జీవితమంతయు ఈ అలవాటునకు వ్యాఖ్యానము వంటిది.

కర్మాగారము కూడ ఆయనకు ఒక పాఠశాలయే అయ్యెను. ధాన్యపు రసమును పులియబెట్టు పనిలో ఉష్ణోగ్రతను కనిపెట్టుచుండుట ముఖ్యము. ఏమరుపాటున వేడి హెచ్చినను తగ్గినను సరకు చెడును. ఇట్లు ఉష్ణమాపకమును జాగ్రత్తగా చూచు నేర్పు ఆయనకు చిన్ననాటనే అలవడెను.

బ్యాటరీపై పెట్టుకొన్న ఆశ

1800లో ఇటలీ దేశీయుడైన వోల్టా మొదటి విద్యుద్ఘటమాలను నిర్మించెను. దానినే నేడు మనము బ్యాటరీ యనుచున్నాము. జౌల్ యువకుడగునాటికి బ్యాటరీతో తిరుగు చిన్న మోటారులు కొన్ని తయారైయుండెను. మాంచెస్టరులో ఎటుచూచినను ఆవిరియంత్రములే, బొగ్గుపొగయే. ఆవిరికి బదులు విద్యుత్తుతో యంత్రములు నడుపవచ్చునని, కొంతకాలమునకు ఆవిరియంత్రము మూలబడునని ఆ యువకుడు ఆశించెను. 1838లో తాను నిర్మించిన మోటారును గూర్చి తొలి వ్యాసమును ప్రచురించెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేండ్లు.

కాని ఆశ యుండుటతో తృప్తిపడలేదు, లెక్క వేసెను. ఆనాటి బ్యాటరీలో తుత్తునాగము, అనగా జింకు, కరగిపోవుచు విద్యుత్తు నిచ్చెడిది. ఒక పౌను తుత్తునాగము ఖర్చుపడినచో తన మోటారు ఎంత పని చేయునో ఆయన కొలిచి చూచెను. గ్రోవ్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన మేలైన ఘటముల నుపయోగించినను, అది 3,31,400 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపునంత పనికి మించలేదు. కార్న్‌వాల్ ప్రాంతపు మంచి ఆవిరియంత్రములు ఒక పౌను బొగ్గుతో సుమారు 15,00,000 పౌనుల బరువును అంతే యెత్తునకు లేపుచుండెను. అనగా బ్యాటరీ చేసిన పని బొగ్గు చేసిన పనిలో నాలుగవ వంతునకైనను రాలేదు. పైగా తుత్తునాగపు ధర బొగ్గు ధరకంటె ఎన్నోరెట్లు హెచ్చు.

తాను కోరినది ఒకటి, కొలత చూపినది మరియొకటి. సామాన్యులు ఇట్టి సమయమున కొలతను దాచి ఆశను చాటుదురు. జౌల్ ఆశను వదలుకొని కొలతను 1841లో బహిరంగముగా ప్రకటించెను. ఆ నిజాయితీయే ఆయనను మోటారు చేయువానినుండి మహాశాస్త్రజ్ఞునిగా మార్చినది.

తీగలోని వేడి

మోటారులను పరీక్షించునప్పుడు జౌల్ మరియొక విషయమును గమనించెను. విద్యుత్తు ప్రవహించు తీగ వేడెక్కుచున్నది. అది అందరును ఎరిగినదే. కాని ఎంత వేడెక్కునో ఏ నియమముచే వేడెక్కునో ఎవరును నిర్ణయింపలేదు. జౌల్ ఒక గాజుగొట్టమునకు తీగను చుట్టి, దానిని నీటిపాత్రలో ముంచి, తీగగుండ విద్యుత్తును పంపెను. తీగలో పుట్టిన వేడి నీటిలో చేరును. నిర్ణీతకాలము గడచినంతనే ఉష్ణమాపకముతో నీటి వేడిని చూచెను. సన్నని తీగ, లావుపాటి తీగ, తక్కువ ప్రవాహము, ఎక్కువ ప్రవాహము, ఇట్లు మార్చి మార్చి కొలిచెను.

తేలిన నియమము మిక్కిలి సులువైనది. తీగ యొక్క నిరోధము హెచ్చిన కొలది వేడి అంతకంత హెచ్చును. ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. దీనినే నేడు జౌల్ నియమమందురు. రష్యాలో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు కూడ స్వతంత్రముగా ఈ నియమమునే కనుగొనుటచే కొన్ని దేశములలో ఇరువురి పేర్లను కలిపి చెప్పుదురు. మన యింటిలోని ఇస్త్రీపెట్టె, విద్యుత్ పొయ్యి, నీళ్లు కాచు కడ్డీ, పర్వతారోహకుని వెచ్చని చేతితొడుగు, ఇవన్నియు ఈ ఒక్క నియమమునకు లోబడి పనిచేయుచున్నవి.

జౌల్ అంతటితో ఆగలేదు. విద్యుత్తు బ్యాటరీ లోపలకూడ ప్రవహించును గదా! అక్కడి నిరోధముచే బ్యాటరీలో కూడ వేడి పుట్టుచున్నదని కొలిచి చూపెను. తీగలోని వేడిని, ఘటములోని వేడిని కలిపి చూచినచో, అది ఘటములో జరిగిన రసాయనిక మార్పునకు సరిపోవుచున్నది. బ్యాటరీ వేడిని సృష్టించుట లేదు. లోపలి పదార్థము ఖర్చుపడుటవలననే వేడి వచ్చుచున్నది. అక్కడ తరిగినంతయే ఇక్కడ దొరకును.

ఈ వ్యాసమును 1840 డిసెంబరులో లండనులోని రాయల్ సొసైటీకి పంపగా వారు దాని సారాంశమును మాత్రమే అచ్చు వేసిరి. పూర్తి వ్యాసము మరుసటి సంవత్సరము వేరొక పత్రికలో వెలువడెను. అప్పటికి జౌల్ వయస్సు ఇరువదిరెండేండ్లు.

నీటిని చిలికి వేడిచేసినవాడు

ఆ కాలమున పెక్కుమంది పండితులు వేడి యనునది కంటికి కనబడని ఒక ద్రవమని, అది ఒకచోటనుండి మరియొకచోటికి ప్రవహించునే కాని క్రొత్తగా పుట్టదని నమ్ముచుండిరి. జౌల్ ప్రయోగములు ఈ నమ్మకమునకు విరుద్ధముగా నుండెను. చేతితో త్రిప్పు యంత్రమునుండి విద్యుత్తును పుట్టించినను తీగ వేడెక్కును. అక్కడ నిప్పు లేదు, బ్యాటరీ లేదు. త్రిప్పిన చేయి చేసిన పని మాత్రమే కలదు. కావున పనియే వేడిగా మారుచున్నదని ఆయన నిశ్చయించెను. ఎంత పనికి ఎంత వేడి? ఇది తేల్చుటయే ఆయన జీవితలక్ష్యమయ్యెను.

1843లో ఐర్లండులోని కార్క్ నగరమున జరిగిన పండితసభలో తన మొదటి ఫలితమును వినిపించెను. సభ్యులు అంతగా పట్టించుకొనలేదు. 1844లో రాయల్ సొసైటీకి పంపిన వేరొక వ్యాసమును వారు స్వీకరింపలేదు. జౌల్ కోపగించుకొనలేదు, పని మానలేదు; ఇంకను మెరుగైన ప్రయోగమును ఆలోచించెను.

మన యిండ్లలో కవ్వముతో మజ్జిగ చిలుకుట అందరమును చూచినదే. జౌల్ ప్రయోగము దాదాపు అట్టిదే. రాగిపాత్రలో నీరు పోసి, అందులో ఇత్తడి రెక్కలుగల చక్రము నమర్చెను. త్రాళ్లకు కట్టిన బరువులు క్రిందికి దిగుచుండగా ఆ చక్రము తిరిగి నీటిని చిలుకును. బరువు ఎంత, అది ఎంత దూరము దిగినది అను రెండును తెలిసినచో జరిగిన పని తెలియును. నీటి వేడి ఎంత పెరిగినదో చూచినచో పుట్టిన ఉష్ణము తెలియును. బరువులను మరల పైకి చుట్టి, మరల దించుచు, ఒక్కొక్క ప్రయోగమున ఇరువది పర్యాయములు దించినను నీటి వేడి ఒక ఫారన్‌హీటు డిగ్రీలో సగమునకు కొంచెము మించి మాత్రమే పెరిగెడిది. అంత స్వల్పమైన మార్పును నిస్సందేహముగా కొలుచుటకు మాంచెస్టరులోని డాన్సర్ అను పనిముట్ల నిపుణునిచే ప్రత్యేకముగా ఉష్ణమాపకములు చేయించుకొనెను. డిగ్రీలో 200వ భాగమును సైతము వానితో గుర్తింపగలిగెను.

1850లో ప్రకటించిన వ్యాసమున ఆయన తేల్చిన ఫలితమిది: ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు, 772 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపునంత పని కావలెను. నేటి కొలతల ప్రకారము ఈ సంఖ్య సుమారు 778. ఇంటిలో కూర్చుండి, బరువులతోను కవ్వముతోను సాధించిన ఫలితము నూటికి ఒకటికంటె తక్కువ తేడాతో నేటికిని నిలిచియున్నది!

ఈ లెక్కప్రకారము జలపాతము అడుగున నీరు పైనీటికంటె కొంచెము వెచ్చగా నుండవలెను. 160 అడుగుల నయాగరా జలపాతమున ఆ తేడా డిగ్రీలో అయిదవ వంతు మాత్రమే యని జౌల్ గణించెను. 1847 ఆగస్టులో అమీలియా గ్రైమ్స్‌ను వివాహమాడి, ఆల్ప్స్ పర్వతప్రాంతమునకు విహారయాత్ర వెళ్లినప్పుడు సైతము ఆయన పొడవైన ఉష్ణమాపకమును వెంట తీసికొని పోయెనని, జలపాతమును కొలువ యత్నించెనని దారిలో ఆయనను కలిసికొన్న విలియం థామ్సన్ తరువాత చెప్పుచుండెను.

ఈ థామ్సనే తరువాతి కాలమున కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధి కెక్కినవాడు. అదే సంవత్సరము జూన్‌లో ఆక్స్‌ఫర్డు సభలో జౌల్ ప్రసంగమును విని, దాని విలువను గుర్తించిన యువకు డాయనయే. అంతవరకు వినువారు లేని మాటకు ఒక్కడు చెవి యొగ్గినంతనే లోకము క్రమక్రమముగా వినసాగెను. శక్తి నశింపదు, క్రొత్తగా పుట్టదు, రూపము మాత్రము మార్చుకొనును అను మహాసూత్రమునకు జౌల్ కొలతలు గట్టి పునాది యయ్యెను. జర్మనీలో మేయర్, హెల్మ్‌హోల్ట్జ్ అను పండితులు కూడ ఈ సూత్రమునకు పాటుపడిరి.

సుఖదుఃఖములు – గౌరవములు

1850లో రాయల్ సొసైటీ ఆయనను తన సభ్యునిగా చేర్చుకొనెను. ఒకనాడు వ్యాసమును త్రోసిపుచ్చిన సంస్థయే 1852లో రాయల్ పతకమును, 1870లో కోప్లీ పతకమును ఇచ్చి గౌరవించెను. థామ్సన్‌తో కలిసి చేసిన పరిశోధనలలో, వాయువు ఇరుకు మార్గమునుండి వెలికివచ్చి వ్యాకోచించునప్పుడు సాధారణముగా చల్లబడునని కనుగొనెను. వేడిని కొలిచినవాడే చల్లదనమునకును దారి చూపెను. వాయువులను ద్రవముగా మార్చుటకు ఈ ఫలితము మిక్కిలి తోడ్పడినది.

కీర్తి వచ్చినను కుటుంబజీవితమున దుఃఖము తప్పలేదు. 1854లో భార్య అమీలియా మరణించెను. ఆ యేడే పుట్టిన పసిబిడ్డయు దక్కలేదు. ఒక కుమారుడు, ఒక కుమార్తె మాత్రము మిగిలిరి. ఆ సంవత్సరమే కర్మాగారమును కూడ అమ్మివేసిరి. జౌల్ మరల వివాహమాడలేదు. వార్ధక్యమున ధనము తరిగిపోగా 1878లో ప్రభుత్వము సంవత్సరమునకు 200 పౌనుల భృతి నేర్పరచెను. ఆ సంవత్సరమున గూడ, అరువదియవ యేట, తన పాత ప్రయోగమును మరల చేసి 772.55 అను సంఖ్యను ప్రకటించెను.

1889 అక్టోబరు 11వ తేదీన సేల్ అను ఊర ఆయన కన్నుమూసెను. సమాధి ఫలకముపై 772.55 అను సంఖ్యను చెక్కించిరి. రాజుల సమాధులపై వారు గెలిచిన యుద్ధములు వ్రాయుదురు. ఈయన గెలిచినది ఒక సంఖ్యను. ఆయన మరణమునకు కొలది వారములముందే పారిస్‌లో జరిగిన విద్యుత్ శాస్త్రజ్ఞుల సభ శక్తిని కొలుచు ప్రమాణమునకు జౌల్ అని పేరు పెట్టినది. మాంచెస్టరు పురమందిరమున గురువైన డాల్టన్ విగ్రహమునకు ఎదురుగా శిష్యుని విగ్రహమును నిలిపియున్నారు.

నేటి బ్యాటరీకి జౌల్ లెక్క

ఇప్పుడు మొదట చెప్పిన వెచ్చని పెట్టె సంగతికి వత్తము. ఒక లీటరు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,186 జౌళ్లు కావలెను. అర లీటరు నీటిని 20 డిగ్రీలనుండి 80 డిగ్రీలకు తెచ్చుటకు 1,25,580 జౌళ్లు పట్టును. ఫోనునకు శక్తి నెక్కించుటకు వాడు 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకులో, దాని ఘటము 3.7 వోల్టులదైనచో, 37 వాట్ గంటలు, అనగా 1,33,200 జౌళ్లు ఉండును. అర లీటరు నీరు కాగునప్పటికి దాదాపు బ్యాంకు అంతయు ఖాళీ! దారిలో వృథాయగు వేడిని కలుపుకొన్నచో అదియు చాలకపోవచ్చును.

ఐతే ఇదివరకే వేడిగా నున్న అన్నమును చల్లారకుండ కాచుట వేరు సంగతి. ఉన్నితో చక్కగా చుట్టిన గిన్నె సెకనుకు 5 జౌళ్ల వేడిని కోల్పోవుచున్నదనుకొనుడు. ఆ లోటును మాత్రమే పూరించినచో అదే బ్యాంకు ఏడు గంటలకు పైగా వచ్చునని లెక్క చెప్పును. చుట్టు బాగుగా నున్న కొలది ఆ కాలము పెరుగును. కావున వేడిచేయు పని పొయ్యిది. వేడిని నిలుపు పని కంబళిది, ఫ్లాస్కుది. మిగిలిన కొద్దిపాటి లోటును తీర్చు పని బ్యాటరీది.

జౌల్ నాడు తుత్తునాగమును బొగ్గుతో పోల్చినట్లే నేడు మనమును పోల్చవచ్చును. ఒక కిలో లిథియం బ్యాటరీలో సుమారు 7,20,000 జౌళ్లు ఇముడును. ఒక కిలో కిరసనాయిలు మండినచో సుమారు 4,30,00,000 జౌళ్లు వచ్చును. దాదాపు అరువది రెట్లు! బరువు మోయు పర్వతారోహకుడు వంటకు నేటికిని ఇంధనమునే నమ్ముకొనుట ఇందుచేతనే. ఐతే మూసిన గుడారములో పొయ్యి వెలిగించినచో విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణము తీయును. కోటులోపల నిప్పు పెట్టుకొనుటకు వీలులేదు. అక్కడ బ్యాటరీయే శరణ్యము.

చలిలో బ్యాటరీ స్వయముగా నీరసించును. లోపలి రసాయనిక క్రియ మందగించి దాని నిరోధము పెరుగును. బ్యాటరీ లోపల కూడ వేడి పుట్టునని జౌల్ కొలిచి చూపిన సంగతి ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. లోపలి నిరోధము పెరిగిన కొలది వెలుపలి తీగకు అందు శక్తి తరుగును. అందుచే అనుభవజ్ఞులు బ్యాటరీని, ఫోనును, కెమెరాను చొక్కాలోపల ఒంటికి దగ్గరగా దాచుకొందురు. గడ్డకట్టు చలిలో లిథియం బ్యాటరీకి శక్తి నెక్కింపరాదు; అది లోపల చెడిపోవును. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. శక్తి నెక్కుచున్న దానిని దుప్పటి క్రింద కప్పియుంచరాదు.

బాలబాలికలారా! మీరును ఇంటిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. పెద్దల సాయముతో ఒకే విధమైన రెండు గిన్నెలలో సమానముగా వేడినీరు పోసి మూతలు పెట్టుడు. ఒకదానిని ఉన్నిగుడ్డతో చుట్టుడు, మరియొకదానిని అట్లే వదలుడు. వేడినీటిని కొలుచు ఉష్ణమాపకముతో పది నిమిషముల కొకసారి రెండింటిని చూచి, పుస్తకములో వ్రాసికొనుడు. గంట గడచునప్పటికి ఆ రెండు వరుసల సంఖ్యలు మీకు చెప్పు పాఠమును ఏ ఉపాధ్యాయుడును అంత స్పష్టముగా చెప్పలేడు.

జౌల్‌కు పెద్ద కళాశాల చదువు లేదు, బిరుదులు లేవు, మొదట వినువారును లేరు. ఉన్నది ఒక ఉష్ణమాపకము, దానిని చూచు ఓపిక, చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పు ధైర్యము. తన ఆశకు విరుద్ధముగా వచ్చిన కొలతను ఆయన దాచియుంచినచో నేడు ఆయన పేరు ఎవరికిని తెలియదు. చలికాలమున వెచ్చని అన్నపు గిన్నె మూత తీయునప్పుడు, ఆ వేడిలోని ప్రతి జౌల్‌కును ఎచటనో ఒకచోట వెల చెల్లింపబడినదని జ్ఞప్తియుంచుకొనుడు. దానిని వృథా చేయకుండుటయే ఆ మహనీయునికి మనము చూపదగిన గౌరవము.